ఓటమి మీద పెట్టిన ముహూర్తం

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్
4 డిసెంబరు 1978

నౌపడా ఉప్పు మళ్ళ మేస్త్రీ శ్రీ నీలకంఠం గారికి పోలరాజు నమస్కారాలు.

మా జగదాంబను మీ సూర్యానికి చేసుకోవడానికి మీ ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారని చదివి మా ఆవిడ చిలకమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అదే కొంగుతో అట్లపెనం దించింది. సంతోషం ఎంతో, తొందర ఎంతో మీరే లెక్క కట్టుకోండి.

ఫిబ్రవరి పదహారు తెల్లవారుజాము ముహూర్తం మాకు సమ్మతమే. అది దాటితే మీకు ఉప్పు దిగడం మొదలవుతుందని, వానలొచ్చేదాకా మీ మనుషులెవరూ మళ్ళు వదిలి కదలరని రాశారు. తెలుసు. మన వాడుక ప్రకారం పెళ్ళి మగవారింట్లోనే కాబట్టి మేం పధ్నాలుగుకల్లా పిల్లతో నౌపడాలో దిగుతాం.

సూర్యానికి సెలవు సంగతి అడిగారు. మీవాడు మా గమ్హరియా కార్ఖానాలో పనితోపాటు ఫుట్‌బాల్ టీములో గోల్‌కీపరు కూడా. ఈ ఏడు దేశం మొత్తమ్మీద ఆడే నాకౌట్ కప్పులో మా టీముకీ చోటు దొరికింది. నాకౌట్ అంటే ఒక్కసారి ఓడితే మూట కట్టుకుని ఇంటికి పోవడమే, రెండో విచారణ లేదు. టీము కప్పులో ఉన్నన్నాళ్ళూ ఆటగాళ్ళెవరికీ సెలవు ఇవ్వనని మేనేజరు భీమశంకర్ గారు అన్నారు.

మీరు కంగారు పడకండి. మొదటి ఆట జనవరి పదిహేడున, కలకత్తా నుంచి వచ్చే పెద్ద టీముతో. వాళ్ళ బూట్లకి నూనె రాసే మనిషి కూడా మావాళ్ళకన్నా బాగా తంతాడట. మేం ఓడిపోతాం. మా కోచ్ దాదాని కూడా అడిగాను. ఆయన పద్దెనిమిదో తారీకున సొంతూరికి టిక్కెట్టు తీసేసుకున్నాడు. పంతులుగారి పంచాంగంలో తప్పుండొచ్చు గాని మా ఓటమిలో తప్పుండదు. పెళ్ళికి నెల ముందే సూర్యం ఖాళీ. ధైర్యంగా పందిరి రాటలు కొట్టించుకోండి.

ఇట్లు,
పోలరాజు


నౌపడా
12 డిసెంబరు 1978

పోలరాజు గారికి,

మీ ఉత్తరం అందింది. మీలాగ పొడుగ్గా రాయడం నాకు రాదు. తేదీ ఖాయం. శుభలేఖలు టెక్కలిలో అచ్చుకిచ్చాను.

సూర్యం బంతాట ఆడుతున్నాడని మీ ఉత్తరంలోనే మొదటిసారి చదివాను. వాడు ఇంటికి రాసినప్పుడల్లా "పని బాగుంది" అనే రాస్తాడు. బంతి పట్టుకోవడం పనెలా అవుతుందో నాకు తెలియదు. నాకన్నా పెద్దది, మా అప్ప సన్యాసమ్మ కూడా అదే అడిగింది. "చిన్నప్పుడు గిన్నె పట్టుకోమంటే పడేసీవోడు, ఈడికి బంతి పట్టుకోడం ఎవుడు నేర్పినాడు" అంది.

ఒక్క మాట. ఓటమి ఖాయమని మీరు రాశారు. దాన్ని నమ్మి నేను మనుషుల్ని పిలుస్తున్నాను. మాటంటే మాటే.

ఇట్లు,
నీలకంఠం


భుయ్యాడీహ్
18 జనవరి 1979

బావగారికి,

పొరపాటు జరిగిపోయింది. గెలిచాం.

ఎలా జరిగిందో ఇక్కడ ఎవరికీ తెలియదు. కలకత్తావాళ్ళు ఆటంతా మన గోలు ముందే కాపురం పెట్టారు. ఎటు నుంచి తన్నినా మీవాడు అక్కడే ఉన్నాడు. పైకి తంతే గాల్లో ఉన్నాడు, కిందకి తంతే మట్టిలో ఉన్నాడు. ఆఖర్న మా కుర్రాడొకడు పక్కవాడికి బంతి అందిద్దామని తంతే అది కలకత్తా మనిషి వీపుకి తగిలి వాళ్ళ గోల్లోకే దొర్లిపోయింది. తన్నినవాడే తల పట్టుకున్నాడు. అంతలో ఈల వేసేశారు.

మైదానమంతా గంతులేస్తుంటే నేనొక్కణ్ణే చతికిలబడి కూచున్నాను. పక్కనున్న బిహారీ ఆయన నాకు ఒంట్లో బాగాలేదనుకుని భుజం పట్టుకుని, "క్యా హువా చాచా, తబియత్ ఖరాబ్?" అన్నాడు. "నై భాయీ, బేటీ కీ శాదీ" అని పిల్ల పెళ్ళి గోడు చెప్పుకున్నాను. ఆయన నాకు బీడీ ఇచ్చి, మంచినీళ్ళు తెప్పించాడు.

కోచ్ దాదా తన టిక్కెట్టు వాపసు ఇవ్వడానికి స్టేషన్లో క్యూలో నిలబడ్డాడు. ఆయన మొహం కూడా నా మొహంలాగే ఉంది.

అయినా అధైర్యపడకండి. రెండో ఆట ఇరవయ్యేడున, కేరళ టీముతో. చాలా గట్టివాళ్ళని పేరు. ఈసారి తప్పకుండా ఓడిపోతాం.

మీ పోలరాజు


నౌపడా
24 జనవరి 1979

పోలరాజు గారికి,

మీరు రాసిచ్చిన ఓటమి ఏదండీ? మాటిచ్చినప్పుడు నిలబెట్టుకోవాలి. కలకత్తావాళ్ళంత పెద్దవాళ్ళు వచ్చి చేతులు ముడుచుకుని ఓడిపోతే మీరు చూస్తూ ఊరుకున్నారా?

ఇక్కడ శుభలేఖలు పంచేశాను. ఆముదాలవలస, పలాస, ఇచ్ఛాపురం మా వాళ్ళందరికీ వెళ్ళిపోయాయి. సన్నాయివాళ్ళకి బయానా ఇచ్చాను.

మావాడితో నా మాటగా చెప్పండి. ఒక్క బంతి వదిలెయ్యమనండి. ఒక్కటే. ఎవడూ కనిపెట్టలేడు. మీ ఉత్తరం ప్రకారం అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు కదా.

ఇట్లు,
నీలకంఠం


భుయ్యాడీహ్
29 జనవరి 1979

బావగారికి,

కేరళవాళ్ళ మీద కూడా గెలిచాం. ఎవరూ గోలు వెయ్యలేదు. చివరికి పెనాల్టీలు తన్నించారు. మీవాడు రెండు ఆపాడు. మూడోది వాళ్ళే ఆకాశంలోకి తన్నారు. అది ఎక్కడ పడిందో ఇంకా వెతుకుతున్నారు.

మీరు చెప్పమన్న మాట చెప్పాను. అందుకోసం నిన్న పొద్దున్నే కద్మాలో వాడుండే గదికి వెళ్ళాను. సూర్యం మోకాలికి గుడ్డ కట్టుకుంటున్నాడు. "బాబూ, ఇంట్లో పెళ్ళుంది. తరవాత ఆటలో ఒక్కటి వొగ్గీరా. మీ నాన్న మాట, నా మాట కూడాను" అన్నాను.

వాడు నవ్వలేదు, కోపం కూడా పడలేదు. "మావయ్యా, మీరు రోజూ క్రేను కింద నిలబడతన్నారు కదా" అన్నాడు.

"అవును."

"పైన క్రేను నడిపీవోడు, ఇంట్లో పెళ్ళుందని ఒక్కపాలి వొగ్గేత్తే?"

బావగారూ, నేను ముప్పై ఏళ్ళుగా క్రేను కింద నిలబడి ఫిట్టరు పని చేస్తున్నాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడిచ్చిన టీ తాగి వచ్చేశాను. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా జగదాంబ మొహం తిప్పుకుంది. నిన్నటి నుంచీ నాకు అన్నం వడ్డిస్తోంది గాని "ఇంకొంచెం ఎయ్యనా" అని అడగడంలేదు.

సెలవు పెట్టి వచ్చెయ్యమని కూడా అడిగాను. టీములో రెండో గోల్‌కీపరుకి వేళ్ళు విరిగి కట్టు కట్టారు. "నేను ఎల్లిపోతే గోల్లో ఎవుడు నిలబడతాడు మావయ్యా, మీరా?" అన్నాడు. నేను నిలబడితే ఓటమి ఖాయమే, నిజం.

మూడో ఆట ఫిబ్రవరి అయిదున, బొంబాయి టీముతో. ఓడితే ఆరున రైలెక్కుతాడు. ఇంకా టైముంది.

మీ పోలరాజు


నౌపడా
2 ఫిబ్రవరి 1979

పోలరాజుకి,

ఇంక హాస్యాలు వద్దు.

నిన్న మా ఇంట్లో పసుపు దంచేశారు. అయిదుగురు ముత్తయిదువలు పాట పాడి రోకలికి దండం పెట్టి దంచారు. పెళ్ళి పసుపు దంచాక పెళ్ళి ఆగకూడదు, వెనక్కి జరగకూడదు. మా అప్ప ఆ పసుపు కుండ దగ్గరే కూచుంది. "దంచిన పసుపుని ఏటి సేత్తావు, కూరలో ఏత్తావా?" అని నన్నడుగుతోంది.

టెక్కలి నుంచి ఒక సంబంధం వచ్చింది. నేను వెతకలేదు, వాళ్ళే వచ్చారు. పదహారుకి మీవైపు నుంచి పిల్లా, మావైపు నుంచి పిల్లాడూ ఈ పందిట్లో లేకపోతే ఈ సంబంధం లేనట్టే. తరవాత నన్ను అనుకోవద్దు. సూర్యానికీ ఇదే రాశాను.

నీలకంఠం

పెనాల్టీ అంటే ఏటి? మా అప్ప అడుగుతోంది.


భుయ్యాడీహ్
6 ఫిబ్రవరి 1979
ఎక్స్‌ప్రెస్ డెలివరీ

బావగారికి,

మీ ఉత్తరం, బొంబాయి మీద మా గెలుపు ఒక్కరోజు తేడాలో వచ్చాయి. ఏది చూసి ఎక్కువ భయపడ్డానో చెప్పలేను.

ముందు మీ అప్పగారికి. పెనాల్టీ అంటే గోల్లో ఒక్కడు, వాడికి పన్నెండు గజాల్లో బంతి, ఆ బంతి వెనక ఒక్కడు. మిగతా అందరూ దూరంగా నిలబడి ఎవరి దేవుడికి వాళ్ళు మొక్కుకుంటారు. తన్నేవాడు ఎటు తంతాడో తన్నేదాకా తెలియదు. మీవాడు మాత్రం ముందే ఒకవైపు పడిపోతాడు. ఎలా తెలుసురా అంటే, "నిలబడి ఆలోచిత్తే అందదు మావయ్యా" అంటాడు.

ఇప్పుడు మన సంగతి. సెమీ ఫైనలు ఇక్కడే, పదహారున, మధ్యాహ్నం మూడింటికి. ముహూర్తం అదే రోజు తెల్లవారుజామున. మధ్యలో భోజనాలకి కూడా బోలెడు వ్యవధి ఉంది. ఉన్న చిక్కల్లా ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. మధ్యలో ఖరగ్‌పూర్లో రైలు మారాలి.

కాబట్టి నా మనవి. పెళ్ళి మీరే ఇక్కడికి తెచ్చెయ్యండి. పసుపు కుండతో, అప్పగారితో, సన్నాయివాళ్ళతో సహా. పెళ్ళి మగవారింట్లో జరగాలంటారా, మగవాడు నాలుగేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు, వాడెక్కడుంటే అదే మగవారిల్లు. మా వీధిలో సగం శ్రీకాకుళం జిల్లాయే. పందిరి వేసే చేతులకి కొదవలేదు. పక్కింటి తవిటమ్మ గారు వాళ్ళ వాకిలి కూడా ఇస్తామన్నారు. వంటలు మావి. మీరు ఉప్పు ఒక్కటి తెచ్చుకుంటే చాలు.

టెక్కలివాళ్ళకి ఏం చెబుతారో అది మీ ఇష్టం. నేను కోపగించుకోను. కాని మా పిల్ల ఇవాళ నా చేత అన్నం తినిపించి మరీ ఈ ఉత్తరం రాయిస్తోంది.

మీ పోలరాజు

మావయ్యగారికి జగదాంబ నమస్కారాలు. నాన్న తపాలా బిళ్ళలు అంటించడానికి జిగురు తేవడానికి వెళ్ళారు, అందుకని ఈ చివర్న రాస్తున్నాను. మీరు మీ అబ్బాయిని ఒక్క బంతి వదిలెయ్యమన్నారు. ఆయన వదల్లేదు. అందుకే నాకు ఆయనంటే ఇష్టం. ఈ పెళ్ళి తప్పిపోతే ఏడుస్తాను, అబద్ధం చెప్పను. కాని ఆ మాట మాత్రం ఆయన్ని మళ్ళీ అడగొద్దు మావయ్యా. మీరు ఒక్కసారి వచ్చి ఆయన ఆడుతుంటే చూడండి. చూశాక సంబంధం వద్దంటే అప్పుడు వద్దనండి.


టెలిగ్రాం
నౌపడా, 10 ఫిబ్రవరి 1979

వస్తున్నాం. పసుపుతో సహా. పదమూడు రాత్రి దిగుతాం. ముప్పైమంది. వేడినీళ్ళు పెట్టండి. నీలకంఠం.


నౌపడా
22 ఫిబ్రవరి 1979

బావా,

క్షేమంగా చేరాం. ఆట అయిపోయిన వెంటనే రైలుకి పరిగెత్తడంతో మీతో మాట్లాడ్డానికి కుదరలేదు. ఉప్పు దిగడం మొదలైంది. పగలంతా మళ్ళల్లో ఉంటాను, సాయంత్రం కాగానే అందరూ నా చుట్టూ చేరి అడుగుతున్నారు, "మేస్త్రీ, మళ్ళీ సెప్పు" అని. నేను చెప్పే కథ మీకు రాస్తాను. తప్పులుంటే దిద్దండి. అక్కడ మీరున్నారు, నిజమే. కాని మీరు చూసిందీ నేను చూసిందీ ఒకటి కాదని నా అనుమానం.

పెళ్ళి దగ్గర్నించే చెబుతున్నాను. చేతికి కంకణం కట్టాక పెళ్ళికొడుకు పొలిమేర దాటకూడదని మా అప్ప గుమ్మానికి అడ్డం కూచుంది కదా. "ఈడు ఇల్లు కదిలితే నేను సచ్చినంత ఒట్టు" అంది. అప్పుడు మీరు చేతులు కట్టుకుని, "అక్కా, ఈ ఊరికి పొలిమేర ఏదో నాకు తెలీదు. కార్ఖానా గోడా? రైలు పట్టాలా? ఏటో నువ్వే సెప్పు, నువ్వు ఏది సెప్తే అదే" అన్నారు. అప్ప వీధి చివర నది వైపు చెయ్యి చూపించి, "సువర్ణరేఖ" అంది. నది దాటకుండానే మైదానానికి దారి ఉంది కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఈ ముక్క చెబితే అందరూ మెచ్చుకున్నారు. అప్ప మాత్రం తనే కావాలని ఆ నది పేరు చెప్పానంటోంది.

తరవాత మైదానం. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు పక్కనే ఉండాలి కాబట్టి పందిరంతా లేచి గోలు వెనకాలకి వచ్చి కూచుంది. జగదాంబ పసుపు బట్టల్లో, మా ఆవిడ అమ్మణ్ణి అక్షింతల పళ్ళెంతో, సన్నాయివాళ్ళు డోలుతో. కంకణంలో పసుపుకొమ్ము అడ్డం వచ్చి సూర్యం చేతికి తొడుగు ఎక్కలేదు. కంకణం తీసెయ్యమని మీ కోచ్ అంటే, అప్ప ఆయన్ని తెలుగులో తిట్టిన తిట్లు ఆయనకి అర్థం కాకపోవడం మన అదృష్టం. ఆఖరికి మీరే జేబులోంచి చాకు తీసి తొడుగు మణికట్టు దగ్గర చీల్చారు.

ఇక ఆట. బావా, నాకు ఆ ఆట తెలీదు. పంజాబు టీము మనుషులు తలుపుచెక్కల్లా ఉన్నారని తెలుసు. మావాడు ఎంత సన్నగా ఉన్నాడో అప్పుడే తెలిసింది. మొదట నేను కళ్ళు మూసుకున్నాను. డోలువాడు కొట్టడం ఆపినప్పుడల్లా బంతి మనవైపు వస్తోందని, కొట్టినప్పుడల్లా మావాడు పట్టేశాడని తెలిసేది. ఏడెనిమిదిసార్లు అలా అయ్యాక కళ్ళు తెరిచాను. తెరిచాక మళ్ళీ మూసుకోలేదు.

వాడు గాల్లోకి లేచాడు బావా. నా కొడుకు. మా ఇంట్లో గడప తట్టుకుని పడిపోయే గుంటడు. లేచి, ఆ ఎత్తులో ఒక్క క్షణం అక్కడే ఉండిపోయి, బంతిని రెండు చేతులా పొట్టకి హత్తుకుని దిగాడు. ఈ చోట ఇక్కడివాళ్ళు నన్ను ఆపి మళ్ళీ చెప్పించుకుంటారు.

చివర్న ఆ గోలు. మూల నుంచి తన్నిన బంతిని ఆ పొడుగు సర్దారు తలతో కొట్టాడు. మావాడి వేళ్ళకి తగిలింది, నేను చూశాను. తరవాత కర్రకి తగిలింది, అదీ చూశాను. రెండు చోట్ల తగిలాక కూడా అది లోపలికి వెళ్ళడం ఏం న్యాయం? నేను ఈల ఊదే ఆ నల్లచొక్కా ఆయన దగ్గరికి వెళ్ళి, "బాబూ, ఇది సెల్లదు, మళ్ళీ ఆడించు" అన్నాను. ఆయన నా తలపాగా చూసి ఏదో బెంగాలీలో మర్యాదగానే చెప్పాడు. పక్కనున్న కుర్రవాళ్ళు, "చాచా, ఖేల్ ఖతం" అని నన్ను పట్టుకొచ్చారు. ఒకటి సున్నా. అంతే. మొన్నటిదాకా నేను మొక్కుకున్న ఓటమి అదే కదా. వచ్చి ఎదురుగా నిలబడితే నాకది అక్కర్లేదనిపించింది.

ఇంకో సంగతి. పెనాల్టీ గురించి అడిగింది మా అప్ప కాదు. మీ మొదటి ఉత్తరం... గెలిచారని రాసిన ఉత్తరం అందినప్పటి నుంచీ నేను ఆట ఉన్న రోజుల్లో స్టేషనుకి వెళ్ళేవాణ్ణి. అక్కడి గుమాస్తా దగ్గర రేడియో ఉంది. కలకత్తా నుంచి బెంగాలీలో చెప్పేవారు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మధ్యమధ్యలో "సుర్జో, సుర్జో" అనేవాడు. అది మావాడి పేరేనని గుమాస్తా చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం కూచునేవాణ్ణి.

పిల్లని జాగ్రత్తగా చూసుకోండి అని రాయబోయాను. అది మీ పిల్లే అని గుర్తొచ్చింది.

నీలకంఠం


భుయ్యాడీహ్
3 మార్చి 1979

బావా,

మీ కథలో దిద్దడానికి ఒక్కటే తప్పుంది. ఆ నల్లచొక్కా ఆయన మీకు మర్యాదగా చెప్పింది, "పెద్దాయనా, తమరు దయచేసి మైదానంలోంచి చెప్పులు తీసుకెళ్ళండి" అని. మీరు ఆవేశంలో ఒక చెప్పు అక్కడే వదిలేశారు. అది నా దగ్గరుంది. ఒకే చెప్పుతో రైలెక్కిన వియ్యంకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

మీరు చూడనిది ఒకటి చెబుతాను. మీరంతా స్టేషనుకి వెళ్ళిపోయాక సూర్యం గోలు కర్రకి ఆనుకుని కూచుండిపోయాడు. పంజాబువాళ్ళు ఒక్కొక్కళ్ళూ వచ్చి చెయ్యి కలిపి వెళ్ళారు. ఆ పొడుగు సర్దారు అయితే కంకణం చూసి, "అరే, ఆజ్ శాదీ హుయీ?" అని పెళ్ళి సంగతి అడిగి, మా జగదాంబ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించి క్షమించమన్నాడు. అది తల దించుకుని, "కోయీ బాత్ నహీ, భయ్యా. అచ్ఛా మారా" అని, పరవాలేదు, బాగా కొట్టావంది. ఇంట్లో నేను తెలుగులో అడిగినదానికి హిందీలో జవాబు చెబుతుందని రోజూ తిట్టేవాణ్ణి. ఆ రోజునుంచి మానేశాను.

నేను వెళ్ళి సూర్యం పక్కన కూచున్నాను. ఓదార్చాలి కదా. ఏమనాలో తెలీక, "పోనీలేరా, ఇప్పుడు సెలవిత్తారు" అన్నాను.

వాడు, "నాన్నకి నచ్చిందా మావయ్యా?" అన్నాడు.

"రెఫరీతో దెబ్బలాడినాడు."

"నిజంగా?"

"చెప్పు కూడా వొగ్గీసినాడు" అని చూపించాను.

వాడు ఆ చెప్పు తీసుకుని చూసి చూసి నవ్వడం మొదలుపెట్టాడు. బావా, నా జన్మలో ఓడిపోయినవాడు అంత సంతోషంగా నవ్వడం చూడలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, జగదాంబ కొంగుముడి మళ్ళీ వేసుకుని ఇంటికి నడిచాడు. కంకణం నది ఇవతలే ఉంది, అక్కకి చెప్పండి.

చెప్పు రైల్వే పార్సెలులో పంపనా, మీరే వచ్చి తీసుకుంటారా?

పోలరాజు


భుయ్యాడీహ్
21 డిసెంబరు 1979

బావా,

టెలిగ్రాం అంది ఉంటుంది. మనవరాలు. తల్లీ పిల్లా బాగున్నారు. చిలకమ్మ ఈసారి కొంగుతో ఏం తుడుచుకుందో నేను చూడలేదు, నా కళ్ళు కూడా సరిగా లేవు ఆ టైములో. పిల్ల ఏదిచ్చినా గట్టిగా పట్టుకుంటోంది. నా వేలు పట్టుకుని వదల్లేదు. సూర్యం అది చూసి మంచం చుట్టూ తిరుగుతున్నాడు.

ఉయ్యాల ఎప్పుడు పెడదామో మీరు చెప్పాలి. మూడో నెలలో పెట్టుకోవచ్చంటోంది చిలకమ్మ. చిక్కేమిటంటే జనవరిలో మళ్ళీ కప్పు మొదలు. ఈసారి మొదటి ఆట పోయినేడు మనల్ని ఓడించిన పంజాబువాళ్ళతోనే. కోచ్ దాదా మర్నాటికి మళ్ళీ టిక్కెట్టు తీసుకున్నాడు. అలవాటైపోయింది, మానితే కలిసిరాదంటున్నాడు.

నేను మాత్రం ఈసారి ఏ జోస్యమూ చెప్పను. ఓడిపోతామని రాసి ఒకసారి ముప్పైమందికి నీళ్ళు కాచాను. తేదీ మీదే.

పోలరాజు


నౌపడా
29 డిసెంబరు 1979

బావా,

పిల్ల కబురు విని మా అప్ప పసుపు దంచించింది. ఎందుకే అంటే, "ఈ ఇంట్లో ముందు దంచీడమే, పని తరవాత అదే వత్తాది" అంది.

తేదీ సంగతి ఆలోచించాను. పంతులుగారిని అడగలేదు. స్టేషను గుమాస్తాని అడిగాను. ఆయన పేపరు చూసి సెమీ ఫైనలు ఎప్పుడో చెప్పాడు. అది కాదయ్యా అన్నాను.

ఫైనలు ఏ రోజో మీరు కనుక్కోండి. దాని మర్నాడు ఉయ్యాల పెట్టండి. అప్పటికి ఉప్పు దిగుతుంటుందని మీరు రాస్తారు. నాకు తెలుసు. నేనొక్క వారం మళ్ళల్లో లేకపోతే సముద్రం ఎండిపోదు.

సన్నాయివాళ్ళకి బయానా ఇచ్చేశాను. రెండు రోజులకి. ఒకరోజు ఉయ్యాల దగ్గర. ముందురోజు గోలు వెనకాల.

చెప్పు పంపకండి. వచ్చి తీసుకుంటాను.

నీలకంఠం